బుచ్చమ్మ నోట రాకూడని మాట

మన ఇళ్ళల్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. పుస్తెలతాడు తెగదు, పెరుగుతుంది. బయటికి వెళ్ళే మనిషి పోతానని అనడు, పోయొస్తానంటాడు. తథాస్తు దేవతలు మన చూరు కిందే తిరుగుతుంటారనీ, ఎవరి నోటి నుంచి ఏ పాడుమాట జారుతుందా అని కాచుకుని ఉంటారనీ మన నమ్మకం. వాళ్ళకు వేరే పనీపాటా ఎందుకు లేదో నాకు తెలియదు గానీ, లాల్‌దర్వాజాలో గాజులమ్ముకుని బతికిన బుచ్చమ్మ మాత్రం వాళ్ళకు భయపడి పదిహేడేళ్ళు నోరు కట్టుకుంది.

ఆమె భయమంతా ఒకే ఒక్క మాట మీద. గాజు పగిలింది అనే మాట మీద.

ఎవరింట్లోనైనా ఆ మాట అనరు, చిట్లింది అంటారు. గాజులమ్మే ఇళ్ళల్లో పట్టింపు ఇంకో మెట్టు ఎక్కువ. బుచ్చమ్మ అత్త కొమురమ్మ చిట్లింది అన్నా ఊరుకునేది కాదు. పదమూడేళ్ళ పిల్లగా బుచ్చమ్మ మహంకాళి గుడి వెనక సందులోకి కాపురానికొచ్చిన మొదటి రోజే అత్త కూర్చోబెట్టి చెప్పింది.

"సూడు పిల్లా, మనింట్ల ఆ మాట లేదు. గాజు పెరిగింది అనాలె. ముత్తైదువ చెయ్యి చేతుల పట్టుకొని నోరు జారినమా, ఆ ఇంటి దీపం కొండెక్కుతది."

పిల్ల తల ఊపింది. పదమూడేళ్ళ తలకాయ ఎన్నిటికని ఊగదు! మూడో రోజు లాడ్‌బజార్ నుంచి గాజుల పెట్టె వచ్చింది. గడ్డి తీసి చూస్తే అడుగు వరస మొత్తం ముక్కలు. బుచ్చమ్మ లోపలి నుంచే కేక పెట్టింది. "అత్తా, డజన్లకు డజన్లు పగిలినయ్!"

వాకిట్లో ఏరాలు వరమ్మ, అంటే బుచ్చమ్మ మొగుడు మైసయ్యకు అన్న అయిన సాయిలు భార్య, కొత్త గాజులేసుకుని కూర్చుని ఉంది. పదిహేను రోజులకు వాడలో కలరా దిగింది. సాయిలుకు పొద్దున వాంతులు మొదలైతే, మాపటికి పాడె కట్టారు. పదో రోజున వరమ్మకు రెండు చేతులా మోచేతుల దాకా గాజులు తొడిగి, పూలు పెట్టి, బొట్టు పెట్టి, ఆ తర్వాత చెయ్యాల్సింది చేశారు. ఆ గాజులు కొమురమ్మ తను భుజాన మోసే గాజుల మలారంలోంచే తీసి ఇచ్చింది. తీస్తూ తీస్తూ అంతమంది ఆడవాళ్ళ తలల మీదుగా చిన్నకోడలి వైపు ఒక చూపు చూసింది. అంతే, ఆ తర్వాత చచ్చేదాకా ఆ సంగతి ఎత్తలేదు. జుట్టు పట్టుకుని నాలుగు బాదినా బాగుండేది, పిల్ల ఏడ్చి మరిచిపోయేది.

ఆ ఏడు కలరా ఆ సందులో పదకొండు ఇళ్ళు ముట్టింది. మిగతా పది ఇళ్ళలో ఏ కోడలు ఏ మాట అన్నదని ఎవరూ అడగలేదు. బుచ్చమ్మకూ ఆ లెక్క తోచలేదు. భయపడ్డవాళ్ళకు తమ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు కనబడదు.

అత్త పోయాక మలారం ఆమె భుజానికొచ్చింది. తాడుకు గుచ్చిన గాజుల గుత్తులు ముందూ వెనకా వేలాడుతుంటే లాల్‌దర్వాజా, ఛత్రినాక తిరిగేది. షావుకార్ల ఇళ్ళకైతే అఫ్జల్‌గంజ్ దాకా పోయేది. ఆమె చేతిలో మంచి పనితనం ఉండేది. ఎంత మొరటు చెయ్యైనా వేళ్ళు నాలుగూ దగ్గరికి ఒత్తి, బొటనవేలి కింద కండ నొక్కి, వెన్నలోంచి దారం లాగినట్టు గాజు ఎక్కించేది. పాత గాజులు తీసేటప్పుడు ఒక్కటైనా చేతికి ఉంచి, కొత్తవి ఎక్కాకే దాన్ని తీసేది. చెయ్యి ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదు. డజనుకొకటి కొసరు వేసి, ఆ చేతులు కళ్ళకద్దుకుని లేచేది.

మాట్లాడేది మాత్రం కాదు. ఇల్లు ఎక్కే ముందు కొంగు ముడిలోంచి ఒక లవంగం తీసి దవడన పెట్టుకునేది. గాజు చేతిలో టిక్కుమన్నప్పుడల్లా ఆ మాట గొంతులోంచి ఎగదన్నుకొచ్చేది, అప్పుడు లవంగం కొరికేది. నాలుక మండేది, మాట లోపలే ఉండిపోయేది. ఆడవాళ్ళు మాత్రం "బుచ్చక్క నిండు కుండ, తొణకది" అని మెచ్చుకునేవాళ్ళు. కుండలో ఉన్నది నీళ్ళు కాదనీ, వణుకనీ వాళ్ళకేం తెలుసు!

ఆమెను అందరికంటే ఎక్కువ ఇష్టపడిన పిల్ల విజయలక్ష్మి. లాల్‌దర్వాజాలో చింతపండు, మిరపకాయల టోకు వ్యాపారం చేసే వైకుంఠం కోడలు. అత్త విమలాదేవి, భర్త అమరనాథ్. వైకుంఠానికి అతను ఒక్కడే కొడుకు, నవ్వు ముఖం వాడు. విజయలక్ష్మి చేతులు చిన్నవి, ఎముకలు గట్టివి. గాజులు తొడిగించుకుంటూ నొప్పికి కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, నవ్వేది. "బుచ్చక్కా, నువ్వు గాకుంటే వేరేటోళ్ళు నా చేతి ఏళ్ళు ఇరగ్గొడ్దురు" అనేది. విరగడమనే ఆ మాటకే బుచ్చమ్మ లవంగం ఇంకోసారి కొరికేది.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలం నుంచే పట్నం ఊపిరి బిగబట్టి ఉంది. రాజ్యం బయటి నుంచి సరుకులు రావడం ఆగిపోయింది. దీపాలకు గ్యాసు నూనె లేదు, ఉప్పు లేదు, మందులు లేవు. జిల్లాల్లో ఊళ్ళు తగలబడుతున్నాయని ఒకరు, మిలిటరీ రేపోమాపో వస్తుందని ఇంకొకరు. ఎవరు ఏ మాటన్నా అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అనేవాళ్ళు. బుచ్చమ్మ ఒక్కతే భయపడే పట్నంలో ఇప్పుడు అందరూ నోటికి భయపడుతున్నారు. ఎక్కడో ఒక తలుపు దభాలుమంటే చాలు, బజారు బజారంతా దుకాణాలు మూసేసేవాళ్ళు.

శ్రావణ శుక్రవారం పొద్దున బుచ్చమ్మ వైకుంఠం ఇంటి మెట్లెక్కింది. కొంగు ముడి విప్పి చూసుకుంటే లవంగం లేదు. పది రోజులుగా కిరాణా కొట్లలో అడుగుతూనే ఉంది, "లవంగాలు యాడివి చెల్లే, ఉప్పే లేదు" అంటున్నారు. ఆమె మెట్టు మీద ఆగిపోయింది. ఇంకో రోజు వస్తానని చెప్పి వెనక్కి పోదామనుకుంది. శ్రావణ శుక్రవారం ముత్తైదువకు గాజులు తొడగకుండా పోవడం మాత్రం మంచిదా? అదీ భయమే, ఇదీ భయమే. లోపలికి పోయి కూర్చుంది.

అమరనాథ్ ప్రయాణమై ఉన్నాడు. జనగామ వైపు చింతపండు కొని పెట్టిన గోనెలున్నాయి, ఎవరో లారీలో పోతున్నారు, తనూ పోయి సోమవారానికల్లా సరుకుతో తిరిగి రావాలి. విజయలక్ష్మి ముఖం ఎందుకో ముడుచుకుని ఉంది. కుడి చేతికి ఆరు ఆకుపచ్చ గాజులు ఎక్కాయి. ఎడమ చేతికి నాలుగు ఎక్కాయి. ఐదోది మెటికల మీద ఉండగా, అప్పుడే చెప్పులేసుకుని అమరనాథ్ గడపలోకొచ్చాడు. సరిగ్గా అప్పుడే వీధిలో ఎక్కడో కేక వినబడి, వరసగా దుకాణాల తలుపులు దభదభా పడ్డాయి. బుచ్చమ్మ చెయ్యి ఉలిక్కిపడింది. గాజు రెండు ముక్కలైంది, పిల్ల చేతి మీద ఎర్రటి గీత పడింది.

"అయ్యో, పగిలింది!"

దవడన లవంగం ఉంటే కొరికేదే. గాలిలోకి పోయిన మాటను ఎవరు కొరుకుతారు? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. బుచ్చమ్మ చెవుల్లో హోరు మొదలైంది. గడపలో అమరనాథ్ వెనక్కి తిరిగి నవ్వుతూ ఏదో అనడం కనబడింది, వినబడలేదు. అతను మెట్లు దిగాడు, మళ్ళీ ఎందుకో ఒకసారి వెనక్కి వచ్చి, పోయాడు. మిగిలిన రెండు గాజులు తొడగడానికి ఆమె చేతులు రాలేదు. "రేపొస్త బిడ్డా" అని మలారం భుజానేసుకుని బయటపడింది.

సోమవారం పోయింది. ఆ వారం పోయింది. వినాయక చవితి వెళ్ళిన ఆరు రోజులకు పట్నం మీద విమానాలు తిరిగాయి, ఐదు రోజుల్లో మిలిటరీ వచ్చింది. కొన్ని ఇళ్ళలో మిఠాయిలు పంచారు, కొన్ని ఇళ్ళలో తలుపులు బిగించుకుని ఏడ్చారు. అమరనాథ్ రాలేదు. వైకుంఠం జనగామ పోయాడు, ఆలేరు పోయాడు, ఆసుపత్రులు తిరిగాడు, జైలు దగ్గర నిలబడ్డాడు. లారీ కూడా దొరకలేదు.

బుచ్చమ్మ ఆ ఇల్లున్న గల్లీ తొక్కడం మానేసింది. రెండు సందులు చుట్టు తిరిగైనా సరే, వేరే దారిన పోయేది. లవంగాలు మళ్ళీ బజారుకొచ్చాయి, ఇప్పుడు రెండేసి పెట్టుకునేది. అన్నం తింటుంటే చెయ్యి ఆగిపోయేది. అప్పుడు సాయిలు బావ, ఇప్పుడు అమరనాథ్. తన నోట్లో నాలుక ఉందా, నల్లతాచు ఉందా అనిపించేది. ఏమైందని మైసయ్య ఎన్నిసార్లు అడిగినా "ఏం లే" అనేది. చెప్తే మళ్ళీ ఆ మాట అనాలి కదా!

మాఘమాసంలో, వైకుంఠం సరుకు మోసే బాలకిషన్ అనే లారీ డ్రైవరు ఒక గొడుగు తెచ్చి వైకుంఠానికిచ్చాడు. ఆలేరు సడకు పక్క పాడుబడ్డ సత్రంలో దొరికిందట. పిడికి విమలాదేవి కట్టిన ఎర్రదారం అలాగే ఉంది. చుట్టుపక్కల బావుల్లో శవాలు తేలాయని కూడా అతనే చెప్పాడు. వైకుంఠం గొడుగు ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుని, లేచి పురోహితుడి ఇంటికి పోయాడు. జాడ తెలియని మనిషికి పన్నెండేళ్ళు చూడవచ్చు, చూడలేమనుకుంటే దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యవచ్చు అన్నాడు పురోహితుడు. వైకుంఠం బొమ్మే చెయ్యమన్నాడు. మూడు రోజుల తంతు. మొదటి రోజు పొద్దున కోడలికి నిండుగా గాజులు తొడగాలి, మూడో రోజు తీసెయ్యాలి. తీసెయ్యాలి అనే అన్నాడు ఆయన కూడా. చూశారా చిత్రం, మనవాళ్ళకు ఆ పని చెయ్యడానికి అడ్డు లేదు, ఆ మాట అనడానికే అడ్డు.

గాజులు తొడగడానికి రమ్మని బుచ్చమ్మకు కబురొచ్చింది. కబురు తెచ్చిన పనిమనిషి, "విజయలక్ష్మి చిన్నమ్మ నువ్వే రావాల్నన్నది" అని మరీ చెప్పింది.

బుచ్చమ్మ ఆ రోజు మైసయ్యకు చెప్పింది. మాట మాటకూ ఆగుతూ, గోడ వైపు తిరిగి చెప్పింది. మైసయ్య ముఖం పాలిపోయింది. అతనూ కొమురమ్మ కొడుకే కదా.

"నువ్వు పోకు. ఒంట్ల బాగలేదని చెప్పొస్త. ఈ సంగతి బయట పడితె ఒక్క ఇంటోళ్ళు గూడ మనల గడప ఎక్కనియ్యరు. ఇంక గాజులు ఎవలికమ్ముతం, ఏం తింటం?"

నిజమే. నోరు మంచిది కాదని ఒక్క ఇంట్లో అనుకుంటే సాయంత్రానికి ఛత్రినాక దాకా పాకుతుంది. తను పోకపోతే ఇంకొకామె పోతుంది, పని ఆగదు. పడుకున్నా లేచినా ఆమెకు ఒకటే కనబడింది, నాలుగు గాజులతో ఆగిపోయిన ఆ ఎడమ చెయ్యి. తెల్లారి మలారం ఎత్తుకుంది. లవంగాలు మాత్రం గూట్లోనే వదిలేసింది.

వైకుంఠం ఇంటి వాకిట్లో దర్భలు పరిచి ఉన్నాయి. పురోహితుడు బొమ్మకు చేతులు కడుతున్నాడు. బుచ్చమ్మ దాని వైపు చూడకుండా దాటుకుని పోయింది. లోపలి అర్రలో విజయలక్ష్మి గోడకానుకుని కూర్చుని ఉంది. కుడి చేతికి ఆరు, ఎడమ చేతికి నాలుగు. ఆరు నెలలుగా ఆ పిల్ల ఇంకో గాజు వేసుకోలేదు. విమలాదేవి పక్కన కూర్చుని పూలు గుచ్చుతోంది, ఏ పువ్వూ దారానికి నిలవడం లేదు.

బుచ్చమ్మ ఎదురుగా కూర్చుని ఎడమ చెయ్యి అందుకుంది. చెయ్యి చల్లగా ఉంది. మెటిక దగ్గర సన్నటి మచ్చ. గాజు తీసింది, వేళ్ళ మీదికి తెచ్చింది. ఈ గాజులు తొడిగితే ఇక నిజంగానే అతను చచ్చిపోయినట్టు. ముందు మాటతో, ఇప్పుడు చేత్తో, రెండుసార్లు తనే చంపినట్టు. గాజు కింద పెట్టేసి విమలాదేవి కాళ్ళ మీద పడింది.

"సావుకారమ్మా, నాతోని ఇవి తొడిగియ్యకుండ్రి. అమరయ్యను నేనే మింగిన. ఆ దినం గాజు చేతుల పోయినప్పుడు నా నోట్ల నుంచి ఆ మాట వచ్చింది. పగిలింది అన్న. ఆయన ఇంక గడపల ఉండంగనే అన్న. నన్ను కొట్టుండ్రి, ఈ వాడకే రాకుంట చెయ్యుండ్రి, గని ఇది నాతోని చేయియ్యకుండ్రి."

దెబ్బ ఎటునుంచి పడుతుందోనని బుచ్చమ్మ మెడ వంచుకునే ఉంది. తల మీద ఒక చెయ్యి పడింది, అది కొట్టే చెయ్యి కాదు.

"నువ్వు గాదు బుచ్చమ్మా," అంది విమలాదేవి. "నేను. వాడు గడప దిగినంక వెనక నుంచి పిలిచిన. పోయేటోణ్ణి వెనక నుంచి పిలువొద్దని నాకు తెల్వదా? గొడుగు మర్చిపోయినవ్ రా అమరా అని పిలిచిన. ఎనకకొచ్చి తీస్కపోయిండు. ఆ గొడుగే మల్ల వచ్చింది, వాడు రాలే. ఆర్నెల్ల సంది ఆ మాట నా గొంతుల ముల్లు లెక్క ఉన్నది. ఇంట్ల ఎవ్వలకు చెప్పలే."

విజయలక్ష్మి అత్త వైపు తిరిగింది. ఆ పిల్ల గొంతు ఆ ఇంట్లో నెలల తర్వాత వినబడింది.

"మీరిద్దరు గాదు. పొద్దుగాల మాకు లొల్లయింది. రాఖీ పున్నానికి మా అమ్మగారింటికి పోదామంటే ఇప్పుడొద్దన్నడు. పోయొస్త అని నాకు చెప్పిండు. పోతె పో అన్న నేను. రా అనలేదు. అత్తా, రా అన్న మాట నా నోటికి రాలే."

ముగ్గురు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆరు నెలలు ఒకే మనిషిని ముగ్గురూ విడివిడిగా చంపి, ఎవరి హత్యను వాళ్ళు కొంగున ముడేసుకుని తిరిగారు. విమలాదేవి ముందుగా ఏడ్చింది. ఆ తర్వాత ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియదు.

అర్ర గుమ్మంలో వైకుంఠం నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"మీరంత మాటలన్నరు," అన్నాడు. "పంపింది నేను. సడకులు బాగలెవ్వు, ఇప్పుడొద్దు బాపు అన్నడు వాడు. గోనెలు పాడైతయ్, పిరికోని లెక్క మాట్లాడకు అన్న." కూలబడ్డట్టు గడప మీద కూర్చున్నాడు. "తలుపు చప్పుడైన ప్రతిసారి వాడే అనుకుంట. కాదు. ఈ ఫికర్ పడలేకనే, బొమ్మను కాలిస్తె అయిపోతదనుకున్న."

విజయలక్ష్మి లేచి నిలబడింది. మామకు ఎదురు నిలబడటం అదే మొదలు.

"మీకు అయిపోతది మామా. నాకు అప్పటి సంది మొదలైతది. పన్నెండేండ్లు చూడొచ్చన్నడు గద పంతులు. నేను చూస్త."

వైకుంఠం వాకిట్లోకి పోయి, పురోహితుడి చేతిలోంచి సగం కట్టిన బొమ్మను తీసుకున్నాడు. దాని ముళ్ళు తనే ఒక్కొక్కటి విప్పి దర్భలు వేరు చేశాడు.

బుచ్చమ్మ ఇంకా నేల మీదే ఉంది. విజయలక్ష్మి ఎదురుగా కూర్చుని ఎడమ చెయ్యి చాచింది.

"ఆ దినం ఆయన నీకు జవాబు చెప్పిండు, యాది లేదా అక్కా?"

"ఇనవడలే బిడ్డా. చెవులు హోరుమన్నయ్."

"నవ్వుకుంట అన్నడు. 'పగిలితె ఇంకోటి తొడుగు బుచ్చక్కా, దాని చెయ్యి ఖాళీగ ఉంచకు' అన్నడు."

బుచ్చమ్మ ఆ రెండు గాజులూ తొడిగింది. ఎట్లా తొడిగిందో ఆమెకే తెలియదు, కళ్ళు కనబడలేదు. డబ్బులు ముట్టుకోలేదు.

భయం పోయిందా అని అడిగితే ఏం చెప్పను? పదిహేడేళ్ళ భయం ఒక్క పూటలో పోతే అది భయమే కాదు. మైసయ్య భయపడ్డట్టు రెండు మూడు ఇళ్ళలో ఆమెను గడప ఎక్కనివ్వలేదు కూడా. విమలాదేవే ఆ ఇళ్ళకు పోయి నచ్చజెప్పింది. లవంగాలు గూట్లోనే దుమ్ముపట్టి ఉండిపోయాయి.

మళ్ళీ శ్రావణం వచ్చింది. అమరనాథ్ రాలేదు. శుక్రవారం పొద్దున బుచ్చమ్మ విజయలక్ష్మి చేతికి ఆకుపచ్చ గాజులు తొడుగుతుంటే, మూడోది మెటిక మీద టిక్కుమని రెండు ముక్కలైంది. వంటింట్లో విమలాదేవి చేతిలో గరిటె ఆగింది. బుచ్చమ్మ పెదాలు బిగుసుకున్నాయి. విజయలక్ష్మి ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"పగిలింది బిడ్డా," అంది బుచ్చమ్మ.

అని, వీధి తలుపు వైపు ఒకసారి భయంగా చూసి, ఇంకో గాజు తీసింది.